గుర్రం నేర్పే పట్టూ విడుపూ

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈవేళ నేను గుర్రపుస్వారీ గురించి మాట్లాడబోతున్నాను. "ఇదేమిటి, ఏ ఊరగాయల గురించో, పిల్లల చదువుల గురించో చెబుతారనుకుంటే గుర్రాల ఊసెత్తారు!" అని మీరు ఆశ్చర్యపోతూ ఉండవచ్చు. నేను చెప్పబోయేదీ పిల్లల పెంపకం గురించే. కొన్ని బళ్ళలో ఆటలతోపాటు గుర్రపుస్వారీ కూడా నేర్పుతున్నారు కదా! దానివల్ల పిల్లలకు ఏం ఒరుగుతుంది, తల్లులమైన మనకు ఏం తెలిసొస్తుంది అన్నదే నా విషయం.

ఆలోచించి చూస్తే మన ఇళ్ళలో గుర్రం మాట తరచూ దొర్లుతూనే ఉంటుంది. "ఆ పిల్లకు కాస్త కళ్ళెం వెయ్యండి" అంటాం. "పగ్గాలు వదిలేస్తే ఇంతే మరి" అంటాం. ఉలవచారు కాచుకుంటామే, ఆ ఉలవలు గుర్రాల దాణా. పెళ్ళికొడుకును గుర్రమెక్కించి ఊరేగిస్తారు కొందరు. మాటల్లో ఇంతగా ఉన్న గుర్రాన్ని మనలో ఎంతమందిమి చేత్తో తాకి చూశాం? నేనైతే నలభై దాటేదాకా తాకలేదు. తాకేటట్టు చేసింది మా చిన్నమ్మాయి.

కొన్నేళ్ళ కిందటి మాట. అప్పుడది ఆరో తరగతి, పదకొండేళ్ళది. నెమ్మదస్తురాలు. నెమ్మది మంచి గుణమే అనుకోండి, కాని దానిది మరీ విపరీతం. తరగతిలో టీచరు ప్రశ్న వేస్తే జవాబు తెలిసినా లేచి చెప్పేది కాదు. ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లో నా కొంగు చాటున చేరేది. అలాంటి పిల్ల ఒకనాడు బడినుంచి ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. శని, ఆదివారాల్లో పొద్దున్నే గుర్రపుస్వారీ నేర్పుతామనీ, ఇష్టమున్న పిల్లల తల్లిదండ్రులు సంతకం చేసి పంపాలనీ అందులో ఉంది. "నేను చేరతానమ్మా" అంది, తలెత్తకుండానే.

ఇంట్లో పెద్ద రాద్ధాంతమే జరిగింది. "ఆడపిల్లకు గుర్రాలేమిటే? రేపు కాలో చెయ్యో విరిగితే ఎవరు చేసుకుంటారు?" అన్నారు మా అత్తగారు. మావారు ఫీజు చూసి నోరు వెళ్ళబెట్టారు. నాకా, లోపల గుండె దడ. కాని నోరు తెరిచి ఏదీ అడగని పిల్ల మొట్టమొదటిసారి అడిగింది. కాదనడానికి మనసొప్పలేదు. ఆ ఏడు దసరాకు తీసుకోవాలనుకున్న పట్టుచీర మానేసి ఆ డబ్బుతో ఫీజు కట్టాను.

కట్టిన నెల రోజులదాకా దాన్ని గుర్రమే ఎక్కనివ్వలేదు! పొద్దున్నే వెళ్ళడం, లాయం ఊడవడం, లద్దె ఎత్తడం, తొట్టిలో నీళ్ళు పట్టడం, బ్రష్షుతో గుర్రం ఒళ్ళు రుద్దడం, జూలు దువ్వడం, ఒక్కొక్క కాలూ ఎత్తి గిట్టలో ఇరుక్కున్న రాళ్ళూ మట్టీ తీయడం. ఇవీ పనులు. ఇంటికొచ్చేసరికి దాని బట్టలు చూడనలవికాకుండా ఉండేవి. "ఇంత ఫీజు కట్టింది లద్దె ఎత్తించడానికా?" అని నాకు ఒళ్ళు మండి ఒక శనివారం నేనే బయలుదేరి వెళ్ళాను.

నేర్పేవారు సైన్యంలో గుర్రాలతో పనిచేసి రిటైరైన పెద్దాయన. పిల్లలందరూ మాస్టారని పిలుస్తారు. నేను అడిగినదంతా ఓపికగా విన్నారు. "అమ్మా, ఎక్కి కూర్చోవడం నాలుగు రోజుల్లో నేర్పవచ్చు. గుర్రం చేత నమ్మించుకోవడం మాత్రం లాయంలోనే నేర్చుకోవాలి. తనకు నీళ్ళు పెట్టిన చెయ్యేదో దానికి తెలుసు. ముందు పిల్ల గుర్రానికి పనికిరావాలి, ఆ తర్వాతే గుర్రం పిల్లకు పనికొస్తుంది" అన్నారు.

ఆయన చెబుతూ ఉంటే నాకు గుర్రం గురించి చాలా సంగతులు తెలిశాయి. నాలుగైదు వందల కిలోల బరువుండే జంతువు. అంత బలం ఉండీ అది పుట్టుకతో పిరికిది. పులీ సింహమూ వేటాడి తినే జంతువులు. గుర్రం వాటికి ఆహారమయ్యే జాతి. అందుకని ఏ కొత్త చప్పుడు విన్నా దాని మొదటి ఆలోచన పారిపోవడమే. కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి గనక దాదాపు చుట్టూ కనిపిస్తుంది. కనిపించనిది రెండే చోట్ల: సరిగ్గా వెనకవైపు, సరిగ్గా ముక్కు ముందర. అందుకే వెనకనుంచి వెళితే బెదిరి తంతుంది. ఎడమ భుజంవైపునుంచి, మాట్లాడుతూ, తొందరపడకుండా దగ్గరికి వెళ్ళాలి. చెవులు ముందుకు నిక్కితే దేన్నో వింటోందని, వెనక్కి అణిగితే కోపం వచ్చిందని అర్థం.

మరో సంగతి. పైన కూర్చున్నవాళ్ళ భయం గుర్రానికి తెలిసిపోతుందిట. మనకు భయమేస్తే ఒళ్ళు బిగుస్తుంది, ఊపిరి బిగబడతాం, మోకాళ్ళు నొక్కుతాం. వీపుమీద ఈగ వాలితే కనిపెట్టి చర్మం అదిలించే జంతువుకు ఆ మార్పు తెలియకుండా ఉంటుందా? "మనిషికే భయంగా ఉందంటే ఇక్కడ ఏదో ప్రమాదం ఉన్నట్టే" అని అది కూడా బెదురుతుంది. కాబట్టి గుర్రాన్ని అదుపు చేయాలంటే ముందు తన్ను తాను అదుపు చేసుకోవాలి. ఊపిరి నిదానంగా తీసుకోవాలి, భుజాలు వదులు చేయాలి, మడమలు కిందికి దించి రికాబుల మీద పాదాలు ఆనించాలి, చూపు వెళ్ళవలసిన వైపు నిలపాలి. నేలచూపులు చూస్తే కుదరదు! తలవంచుకుని నడిచే మా పిల్లను నేను ఎన్నిసార్లు కసిరానో, ఎప్పుడైనా ఫలితం కనిపించిందా? గుర్రం మీద అది తనంతట తానే తలెత్తుకుని కూర్చుంది. నిజం చెబుతున్నాను, ఆ వేళ నాకు కళ్ళు చెమర్చాయి.

అంతా సవ్యంగా సాగితే కథే లేదు కదా! మూడో నెలలో మా అమ్మాయి పడింది. మోతీ అనే ముసలి గుర్రం మీద మైదానంలో తిరుగుతూ ఉంటే గాలికి ఒక ప్లాస్టిక్ సంచి ఎగిరొచ్చి గుర్రం కాళ్ళ ముందు పడింది. మోతీ బెదిరి పక్కకు గెంతింది. పిల్ల కింద పడింది. తలకు హెల్మెట్ ఉండబట్టి తల దక్కింది. ఎడమ చేతి మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. ఆరు వారాలు కట్టు.

ఇక చూడండి! మా అత్తగారు "నేను ముందే చెప్పానా?" అన్నారు. మావారు ఒక్క మాట కూడా అనలేదు. అదే ఇంకా బాధ. నేను ఆ రాత్రే నిశ్చయించుకున్నాను, గుర్రం మాట ఇంక ఇంట్లో ఎత్తకూడదని. అమ్మాయితో చెప్పాను. అది ఏడవలేదు, మారు మాట్లాడలేదు. మళ్ళీ పాత పిల్ల అయిపోయింది. ఆ మౌనమే నన్ను తినేసింది.

కట్టు ఉన్న రోజుల్లోనే మా పక్కింటావిడ పరామర్శకు వచ్చారు. ఆవిడ తండ్రిగారి ఉద్యోగరీత్యా చిన్నతనంలో ఉత్తరాదిన పెరిగి, కొన్నేళ్ళు రాజస్థాన్‌లోని వనస్థలి విద్యాపీఠంలో చదువుకున్నారు. "గుర్రం మీదనుంచి పడిందా? మా వనస్థలిలో ఆడపిల్లలకు గుర్రమెక్కడం సైకిలెక్కినంత మామూలు సంగతి" అన్నారు. ఆ సంస్థ కథ ఆవిడ చెప్పగా విని, తర్వాత నేను చదివి తెలుసుకున్నాను. మీకూ చెప్పాలి.

జైపూరుకు డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో టోంక్ జిల్లాలో ఉంది వనస్థలి. జైపూరు సంస్థానంలో పెద్ద ఉద్యోగం వదులుకుని, పల్లెసేవ చేద్దామని హీరాలాల్ శాస్త్రిగారు, భార్య రతన్ శాస్త్రిగారు 1929లో ఆ కుగ్రామానికి వెళ్ళి కాపురం పెట్టారు. వారికి శాంతాబాయి అని ఒక కూతురు. చురుకైన పిల్ల. ఊరి పిల్లలకు చదువు చెప్పాలని కలలు కని, అందుకోసం తన చేతులతో మట్టి ఇటుకలు కూడా చేసి పెట్టుకుందిట. పన్నెండేళ్ళ వయసులో, 1935లో, ఆ పిల్ల హఠాత్తుగా పోయింది. కడుపుకోత ఎలాంటిదో తల్లులకు వేరే చెప్పాలా? ఆ దంపతులు మాత్రం ఆ దుఃఖాన్ని దిగమింగి, అదే సంవత్సరం అక్టోబరు 6న, స్నేహితుల పిల్లలను ఐదారుగురిని పిలిపించుకుని, కూతురి పేరుమీద చిన్న బడి మొదలుపెట్టారు. అదే పెరిగి పెరిగి వనస్థలి విద్యాపీఠమైంది. 1983లో విశ్వవిద్యాలయ హోదా కూడా వచ్చింది. హీరాలాల్ శాస్త్రిగారు 1949లో రాజస్థాన్‌కు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. రతన్ శాస్త్రిగారికి 1975లో పద్మభూషణ్ వచ్చింది.

అక్కడి చదువును ఐదు ముఖాల చదువు అంటారు. శరీరానికి, చేతిపనికి, కళకు, నీతికి, బుద్ధికి అని ఐదు వైపులా ఎదగాలని వారి ఉద్దేశం. పిల్లలు ఖద్దరు కడతారు, సంగీతమూ నేర్చుకుంటారు, గుర్రమూ ఎక్కుతారు. విమానం నడపడం నేర్పే ఏర్పాటు కూడా ఉంది. మన వాయుసేనలో యుద్ధవిమానాలు నడపడానికి 2016లో ఎంపికైన మొదటి ముగ్గురు స్త్రీలలో ఒకరైన అవనీ చతుర్వేది అక్కడ చదువుకున్న అమ్మాయే. గమనించారా? పిల్లను పోగొట్టుకున్న తల్లిదండ్రులు, ఇతరుల పిల్లలను ఎంతో భద్రంగా గదిలో కూర్చోబెట్టి పెంచవచ్చు. వాళ్ళు ఆ పని చేయలేదు. ఖద్దరు కట్టించి గుర్రాలెక్కించారు. ఇది తెలిశాక నాకు సిగ్గేసింది. ఒక్క మణికట్టు ఎముక చిట్లినందుకు నేను నా పిల్లకు తలుపులు వేసేస్తున్నాను కదా అనిపించింది.

అలాగని మర్నాడే పంపించానని చెప్పను. నేనూ తల్లినే. కట్టు విప్పాక "ఎక్కనమ్మా, ఊరికే మోతీని చూసొస్తాను" అంటే సరేనని నేనూ వెంట వెళ్ళాను. గుర్రం దాని అలికిడి వినగానే సన్నగా సకిలించి, తల ముందుకు చాపింది. అమ్మాయి నా చేతిలో గుప్పెడు నానిన ఉలవలు పోసి, "అరచెయ్యి పళ్ళెంలా చదునుగా పెట్టమ్మా, వేళ్ళు ముడవకు" అని నేర్పింది. నా జీవితంలో మొదటిసారి ఒక గుర్రం నా చేతిలోది తింది. వెచ్చటి ఊపిరి, మెత్తటి పెదవులు. ఇంత పెద్ద జంతువు ఇంత మృదువుగా ఉంటుందని ఎవరనుకుంటారు?

అప్పుడు అడిగాను, "నిన్ను పడేసింది కదే, కోపం రావటం లేదా?" అని.

"అది పడెయ్యలేదమ్మా. సంచి చూసి అది బెదిరింది. నేనూ బెదిరి పగ్గాలు గట్టిగా లాగేశాను. కళ్ళెం నోట్లో గుచ్చుకుంటే దానికి నొప్పి కదా! కాళ్ళతో పొమ్మని పొడుస్తూ, చేతులతో ఆగమని లాగుతూ ఉంటే అది ఏం చేస్తుంది పాపం?" అంది.

పక్కనే ఉన్న మాస్టారు నవ్వి, "పట్టూ ఉండాలి, విడుపూ ఉండాలి. పగ్గాలు మరీ వదిలేస్తే గుర్రానికి దారి తెలియదు. మరీ బిగిస్తే ఎదురు తిరుగుతుంది. చేతిలో పిచ్చుకపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలి, నలగకూడదు, ఎగిరిపోకూడదు" అన్నారు.

సోదరీమణులారా, ఆ మాట పిల్లతో అన్నారో నాతో అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. "బాగా చదువు, ముందుకు వెళ్ళు" అని పిల్లల్ని పొడిచేదీ మనమే. "అక్కడికి వెళ్ళకు, ఇది చెయ్యకు" అని వెనక్కి లాగేదీ మనమే. రెండూ ఒక్కసారే చేస్తే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? మరుసటి వారం నేను మళ్ళీ కాగితం మీద సంతకం పెట్టాను.

ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి. అద్భుతాలేం జరగలేదు. లెక్కల్లో మార్కులు పెరగలేదు. ఫస్టు ర్యాంకు రాలేదు. కాని శని, ఆదివారాలు నేను లేపకుండానే అయిదింటికి లేచేది. తన షూస్ తనే తుడుచుకునేది. "నేను ఆలస్యమైతే మోతీకి దాణా ఆలస్యమవుతుంది" అనేది. వానొచ్చినా, పరీక్షలున్నా గుర్రానికి ఆకలి వేయక మానదు కదా! తనమీద ఆధారపడిన ప్రాణి ఒకటి ఉందన్న సంగతి పిల్లకు బాధ్యత తెలిపినంతగా మన ఉపన్యాసాలేవీ తెలుపవు.

ఒక ఆదివారం వెళ్ళేసరికి మోతీ దాణా ముట్టలేదుట. ముందుకాలితో నేల గీరుతూ, మాటిమాటికీ తల తిప్పి తన పొట్టవైపు చూసుకుంటోందిట. మా అమ్మాయి పరుగెత్తి, ఎవరో తెలియని పెద్దవాళ్ళు నలుగురు మాట్లాడుకుంటూ ఉంటే మధ్యలోకి వెళ్ళి, "మోతీకి కడుపునొప్పి, డాక్టరును పిలవండి" అని గట్టిగా చెప్పిందిట. గుర్రానికి కడుపునొప్పి మామూలు జబ్బు కాదు. అది మనలా వాంతి చేసుకోలేదు. పేగుల్లో మేత అడ్డుపడితే ప్రాణంమీదికి వస్తుంది. పశువుల డాక్టరు వచ్చి మందిచ్చి, గంటలకొద్దీ కనిపెట్టుకుని ఉంటే సాయంత్రానికి తేరుకుంది. చుట్టాల ముందు నోరు విప్పని పిల్ల, తనకోసం కాదు, నోరులేని జీవంకోసం నోరు విప్పింది.

అంతకంటే పెద్ద సంగతి మా ఇంట్లోనే జరిగింది. ఒకరోజు భోజనాల దగ్గర, "నాయనమ్మ మూడు రోజులనుంచి కాఫీ సగమే తాగుతోందమ్మా. రాత్రి మాటిమాటికీ లేచి మంచినీళ్ళు తాగుతోంది" అంది. నేను ఇరవై నాలుగు గంటలూ ఇంట్లో ఉండేదాన్ని, నాకు తట్టలేదు. మా అత్తగారు "నాకేం జబ్బే, గుండ్రాయిలా ఉన్నాను" అని కొట్టిపారేశారు. అయినా డాక్టరు దగ్గరికి తీసుకువెళితే రక్తంలో చక్కెర బాగా పెరిగిపోయి ఉంది. సమయానికి తెచ్చారన్నారు డాక్టరుగారు. ఇంటికొచ్చాక మా అత్తగారు మనవరాలిని పిలిచి, "ఇవన్నీ నీకెలా తెలిశాయే?" అని అడిగారు. "లాయంలో రోజూ చూడాలి నాయనమ్మా, ఎంత తిన్నది, ఎన్ని నీళ్ళు తాగింది, ఎలా నిలబడింది అని. అది చెప్పలేదు కదా!" అంది. ఆ రోజునుంచి మా ఇంట్లో గుర్రానికి నానబెట్టే ఉలవలు ఆవిడే ఏరి పెడుతున్నారు.

గుర్రపుస్వారీ అంటే మగవాళ్ళ వీరత్వం అనుకుంటాం. కాకతీయ రాజ్యాన్ని పదమూడో శతాబ్దంలో రుద్రమదేవి ఏలిందని గర్వంగా చెప్పుకునే మనమే అలా అనుకోవడం వింతగా లేదూ? ఈ ఆటలో ఆడా మగా తేడా లేదు. ఒలింపిక్స్‌లో గుర్రాల పోటీలకు స్త్రీలకూ పురుషులకూ వేరు వేరు పందేలు ఉండవు; కలిసే పోటీ పడతారు. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో, గుర్రాన్ని లయబద్ధంగా నడిపించే డ్రెస్సాజ్ అనే పోటీలో మన దేశపు జట్టుకు బంగారు పతకం వచ్చింది. 1982 తర్వాత గుర్రపుస్వారీలో మనకు మళ్ళీ బంగారం రావడం అదే. ఆ నలుగురి జట్టులో ఇద్దరు అమ్మాయిలు: సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్.

ఇంకొక ఇల్లాలి కథ చెబుతాను. డెన్మార్క్ దేశంలో లిస్ హార్టెల్ అనే ఆవిడకు 1944లో, కడుపుతో ఉండగా, పోలియో వచ్చింది. బిడ్డ క్షేమంగానే పుట్టింది గాని తల్లి మోకాళ్ళ కిందినుంచి కాళ్ళు స్వాధీనం తప్పాయి. చేతులు ఎత్తడం కూడా కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. గుర్రం మాట మరిచిపొమ్మన్నారు అందరూ. ఆవిడ మరిచిపోలేదు. ఎక్కాలన్నా దిగాలన్నా ఇతరుల సాయం కావాలి. ఎక్కి కూర్చున్నాక మాత్రం జూబిలీ అనే గుర్రమే ఆవిడ కాళ్ళు. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్‌లో స్త్రీలను మొట్టమొదటిసారి అనుమతించారు. ఆ మొదటిసారే ఆవిడ వెండి పతకం గెలిచింది. పతకం అందుకునేటప్పుడు బంగారు పతకం గెలిచిన స్వీడన్ అధికారే ఆవిడకు చేయూత ఇచ్చాడు. 1956లో మళ్ళీ వెండి పతకం. ఆవిడ కథ విన్నాకనే చాలా దేశాల్లో అవిటి పిల్లలకు గుర్రపుస్వారీ ఒక సాధనగా నేర్పడం మొదలుపెట్టారు. గుర్రం నడుస్తుంటే పైన కూర్చున్నవాళ్ళ నడుము, మనిషి నడిచినప్పుడు కదిలినట్టే కదులుతుంది. అందువల్ల నడవలేని పిల్లలకు నడుము నిలవడానికి, తూకం కుదరడానికి అది ఉపకరిస్తుంది. అలాంటి పిల్లలున్న తల్లులు డాక్టరు సలహా తీసుకుని, తగిన శిక్షణ ఉన్నవారి దగ్గరే చేయించాలి. ఇది వైద్యానికి తోడే గాని వైద్యం కాదు.

సరే, మీ పిల్లల బడిలో కూడా ఇలాంటి ఏర్పాటు ఉందనుకోండి. సంతకం పెట్టే ముందు ఒకసారి స్వయంగా వెళ్ళి చూడండి. మొదట గుర్రాలను చూడండి. డొక్కలు బయటపడి, వీపుమీద పుళ్ళతో ఉంటే అక్కడికి పిల్లను పంపకండి. గుర్రాన్ని బాగా చూడనివాళ్ళు పిల్లను మాత్రం ఏం చూస్తారు? లాయంలో నీడ, నీళ్ళు, శుభ్రత ఉన్నాయా అని చూడండి. తర్వాత హెల్మెట్. అది తలకు సరిగ్గా పట్టాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. ఫొటో తీసుకుందామని ఒక్క నిమిషం కూడా తీయనివ్వవద్దు. కాలికి మడమ ఉన్న షూస్ ఉండాలి. చెప్పులు, మడమలేని కాన్వాసు షూస్ వేసుకుంటే పాదం రికాబులోంచి అవతలికి జారిపోయి, పడ్డప్పుడు ఇరుక్కుపోతుంది. ఆడపిల్లల చున్నీలు, వేలాడే గొలుసులు ఇంట్లోనే వదిలి వెళ్ళాలి. కొత్తలో గుర్రాన్ని పొడుగు తాడుతో మాస్టారే పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ నేర్పాలి. అన్నిటికంటే ముఖ్యం, పిల్లల చేత గుర్రం సేవ చేయిస్తున్నారో లేదో అడగండి. ఎవరో జీను కట్టి తెచ్చిన గుర్రం మీద పది నిమిషాలు కూర్చుని దిగివస్తే అది తిరనాళ్ళలో రంగులరాట్నం ఎక్కడం లాంటిదే. సరదా ఉంటుంది, చదువు ఉండదు.

పడటం అనేది ఈ విద్యలో ఉన్నదే. పడరని నేను అబద్ధం చెప్పను. ఎలాంటి జాగ్రత్తలు తీసుకుంటే దెబ్బ చిన్నదవుతుందో చూసుకోవడం పెద్దల పని. పడ్డాక ఏం చేయాలో నేర్చుకోవడం పిల్లల పని.

"మా బడిలో గుర్రాలు లేవండీ, అంత ఫీజు కట్టే స్తోమత కూడా లేదు" అనేవాళ్ళే ఎక్కువమంది. నిజమే, ఇది ఖర్చుతో కూడిన విద్య. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అని సామెతే ఉంది కదా! ఎన్.సి.సి.లో గుర్రాలకు సంబంధించిన విభాగం ఒకటి ఉంది. పశువైద్య కళాశాలలున్న కొన్ని చోట్ల అది నడుస్తోంది, ఆడపిల్లలూ చేరవచ్చు. కాలేజీకి వచ్చిన అమ్మాయిలున్నవాళ్ళు విచారించండి. అదీ వీలు కాకపోతే బెంగ పడనక్కరలేదు. పెరట్లో ఆవుదూడ కావచ్చు, వరండాలో నాలుగు తులసి కుండీలు కావచ్చు, మంచాన ఉన్న తాతగారికి వేళకు మందివ్వడం కావచ్చు, ఏదో ఒక ప్రాణాన్ని పూర్తిగా పిల్ల చేతిలో పెట్టండి. పెట్టి, మాటిమాటికీ వెళ్ళి సరిదిద్దకండి. పట్టు మనకు బాగా వచ్చు. విడుపే మనం నేర్చుకోవలసింది.

మా చిన్నమ్మాయి ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. ఇప్పటికీ నెమ్మదస్తురాలే, నలుగురిలో గలగలా మాట్లాడదు. అవసరమైనప్పుడు మాత్రం తలెత్తి, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడుతుంది. మోతీ ముసలిదై పని మానేసింది. బడివాళ్ళు దాన్ని అమ్మేయకుండా లాయంలోనే ఉంచి మేపుతున్నారు. సెలవులకు వచ్చినప్పుడల్లా మా అమ్మాయి వెళ్ళి దాని ఒళ్ళు రుద్ది వస్తుంది. మొన్న సంక్రాంతికి మా అత్తగారు కూడా కారులో వెళ్ళి, చేతికర్ర పక్కన పెట్టి, ఉలవలు అరచేతిలో పోసి చాపారు. వేళ్ళు ముడవబోతుంటే మనవరాలు మెల్లిగా విప్పి, "ఇలా, చదునుగా పెట్టు నాయనమ్మా" అంది.